పాలీఆల్ డ్రమ్ములతో నరసాపురం దాకా

నరసాపురం వెళ్ళొచ్చానని తెలిసి మా వీధిలో అందరూ అడిగింది ఒక్కటే: లేసు టేబుల్ క్లాత్ తెచ్చావా అని. తేలేదు. నేను వెళ్ళింది లేసు కోసం కాదు, ఒక పడవ కడుపులో నురగ పొయ్యడానికి. ఈ మాట చెప్పాక ఎవరూ రెండో ప్రశ్న వెయ్యడం లేదు. నవ్వీ నవ్వనట్టు ముఖం పెట్టి లోపలికి వెళ్ళిపోతున్నారు. అందుకని రాసి చెబుతున్నాను.

మాది నంద్యాల దగ్గర పల్లె. ఉద్యోగం హైదరాబాదులో, పాలీఆల్ అమ్మే ఒక చిన్న కంపెనీలో. పాలీఆల్ అంటే ఏమిటని పెళ్ళిచూపుల్లో మా మామగారు అడిగారు. "పరుపు అవుతుందండీ, కారు సీటు అవుతుంది, చెప్పు అట్ట అవుతుంది, ఫ్రిజ్ గోడలో చలిని ఆపే నురగ అవుతుంది" అని గడగడా చెప్పాను. ఆయన తల పంకించి, "అన్నీ అవుతుంది గానీ, దాంతో నువ్వేమవుతావు బాబూ?" అన్నారు.

విషయం నిజానికి తేలిక. ఆల్కహాల్ జాతి అణువుకు పక్కవాళ్ళను పట్టుకునే చేతులుంటాయి. సారాకి ఒక్కటే చెయ్యి. ఆ ఒక్క చేత్తోనే అది ఎన్ని కొంపలు కూల్చిందో మీకు తెలుసు. గ్లిజరిన్‌కు మూడు. మన టూత్‌పేస్టును తడారిపోకుండా తియ్యగా ఉంచే సార్బిటాల్‌కు ఆరు. చేతులు ఎక్కువున్న ఈ చుట్టాలందరినీ కలిపి పాలీఆల్ అంటారు. చిన్నప్పుడు మా అవ్వ ముక్కు మూసి పట్టించిన ఆముదం కూడా ఆ వంశమే. ఈ చేతులకు ఐసోసయనేట్ అనే ఇంకో ద్రవాన్ని అందిస్తే రెండూ పట్టుకుని వదలవు. కలిపేటప్పుడు మధ్యలో కాస్త గ్యాసు చిక్కుకుంటే, మిశ్రమం పొంగి, బుడగలు బుడగలుగా అలాగే గట్టిపడుతుంది. ఆ బుడగలే చలిని బయటికి పోనివ్వవు.

నరసాపురంలో ఒక చేపల పడవకు ఐసు గది గోడల్లో ఆ నురగ పొయ్యాలని మాకు ఆర్డరు వచ్చింది. డ్రమ్ములు విశాఖపట్నం రేవులో దిగాయి. ఒకదాంట్లో పాలీఆల్, రెండోదాంట్లో ఐసోసయనేట్. వాటిని వ్యాన్‌లో ఎక్కించుకుని నేనూ, మా డ్రైవరు బాషా బయల్దేరాం. రాష్ట్రంలో మద్యనిషేధం నడుస్తోంది. సముద్రంలో వేట నిషేధం కూడా అప్పుడే ముగింపుకొస్తోంది. ఇన్ని నిషేధాల మధ్య మేం ఆల్కహాల్ జాతి సరుకుతో జాతీయ రహదారి ఎక్కాం.

అన్నవరం

బాషా కర్నూలువాడు. అయిదు పూటలా నమాజు చేస్తాడు. అయినా అన్నవరం కొండ కనబడగానే బండి పక్కకు తీశాడు. "ఈడ ప్రసాదం తినకుండా పోతే బండి ముందుకు కదలదు సార్. పోయినసారి టైరు పోయింది" అన్నాడు. పోయినసారి టైరు పోయింది అది అరిగిపోయి నాలుగేళ్ళయినందుకని నాకు తెలుసు. కానీ గోధుమరవ్వా బెల్లమూ నెయ్యీ కలిపిన ఆ ప్రసాదం ఆకు పొట్లంలోంచి వేడిగా వాసన కొడుతుంటే తర్కం ఎవరిక్కావాలి?

కొండ కింద ఒక పంతులుగారు కొత్త స్కూటర్లకు పూజ చేస్తున్నారు. బాషా మా వ్యాన్‌ను కూడా వరసలో పెట్టాడు. పంతులుగారు మంత్రం మధ్యలో ఆగి, "గోత్రం?" అన్నారు. బండి కంపెనీది. కంపెనీకి గోత్రం ఉంటుందా అని నేను ఆలోచిస్తుండగానే, సరుకు పేరు అడిగారనుకుని బాషా, "పాలీఆల్ సామీ" అనేశాడు.

"పౌలస్త్యసా! మంచిది, మంచిది. ఈమధ్య అరుదుగా వింటున్నామండి" అని పంతులుగారు సంబరపడి, ఆ గోత్రంలో పుట్టిన వ్యాన్‌కు సకల శుభాలూ కలగాలని గట్టిగా చదివారు. అది రావణాసురుడి గోత్రమని నాకు తుని దాటొచ్చిన సంగతంత ఖాయంగా తెలుసు. కానీ కొబ్బరికాయ అప్పటికే పగిలింది.

మావైపు ఎవరైనా 'అండి' అన్నారంటే ఏదో చేబదులు అడగబోతున్నారని అర్థం. ఇక్కడ ఉత్త పుణ్యానికే అంటారు. కుక్కను అదిలించడం కూడా "ఛీ, అవతలికి పోవే అమ్మా" అనే విన్నాను.

కడియం

రోడ్డుకు రెండు పక్కలా మొక్కలే. మా ఊళ్ళో చెట్టుకు నీళ్ళు పొయ్యాలంటే ఇంట్లో ఓటింగు పెట్టాలి. ఇక్కడ పైపుతో ఊరికే కొడుతున్నారు, రోడ్డు మీద కూడా. లారీల నిండా గులాబీలూ, మామిడి అంట్లూ, పేరు తెలియని ఎర్రాకుల మొక్కలూ ఎక్కిపోతున్నాయి. ఒక లారీ డ్రైవరు వాటిని రాజస్థాన్ తీసుకెళుతున్నానన్నాడు. ఆ మొక్కల మీద జాలేసింది.

ఆ లారీల వెనకే మద్యం తనిఖీలవాళ్ళు మమ్మల్ని ఆపారు. పాక ముందు బల్ల, బల్ల వెనక ఒక ఎస్సై. బొద్దుగా, మర్యాదగా ఉన్నాడు.

"ఏం సరుకండీ?"

"పాలీఆల్ అండి." అప్పటికే నాకు అండి అంటుకుంది.

ఆయన కంపెనీ కాగితం తిరగేసి, ఇంగ్లీషులో ఉన్న వివరణ మీద వేలు పెట్టాడు. "ఆల్కహాల్ అని మీరే రాసుకున్నారు. అదీ మామూలుది కాదు, బోలెడు ఆల్కహాల్ అని రాసుకున్నారు. మళ్ళీ కాదంటారేంటండీ?"

"ఇది తాగే రకం కాదండి. ఆముదానికి చుట్టం."

"తాగితే ఏమవుద్దండీ?"

"ఆముదం తాగితే ఏమవుతుందో అదేనండి. ఇంకొంచెం దూరం పరిగెత్తాలి."

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. ఎస్సై నవ్వలేదు. "నేను బీయస్సీ కెమిస్ట్రీనండి. ఊరికే వదిలేస్తాననుకోకండి" అన్నాడు. నేను భయపడి ఆర్గానిక్ కెమిస్ట్రీ గురించి రెండు మాటలు చెప్పబోయాను. ఆయన గొంతు తగ్గించి, "అదొక్కటీ రెండుసార్లు పోయిందండి. తేలిగ్గా చెప్పండి" అన్నాడు.

తేలిగ్గా చెప్పడం కంటే చూపించడమే తేలిక. పక్క టీకొట్టులోంచి గాజుగ్లాసు తెప్పించి, రెండు డ్రమ్ముల్లోంచీ కొంచెం కొంచెం పోసి పుల్లతో గిరగిరా కలిపాను. మొదట తేనెలా ఉంది. తర్వాత పాలు కలిసినట్టు తెల్లబడింది. ఎస్సై వంగి చూస్తున్నాడు. నురగ గ్లాసు అంచు దాటి, పుట్టగొడుగులా లేచి, ఆయన ముక్కు కిందకొచ్చి ఆగింది. వేలితో తడితే టకటకమంది.

"ఓరి దీని దుంప తెగ!" అన్నాడు ఆనందంగా. "మా లెక్చరర్ ఇలా ఒక్కసారి చూపించుంటే నేను ఇక్కడెందుకుంటానండీ?"

టీకొట్టు ఆవిడ వచ్చి గ్లాసు లాక్కుంది. నురగ ఊడలేదు. గ్లాసు తలకిందులు చేసింది, బల్లకేసి కొట్టింది. ఊహూఁ. "మరి నా గ్లాసు ఎవరిస్తారండీ?" అని ఎస్సైనే అడిగింది. ఆయన జేబులోంచి డబ్బులు తీసిచ్చి, గ్లాసును తన బల్ల మీద పెట్టుకున్నాడు. మేం వచ్చేస్తుంటే కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద దాన్ని బరువుగా పెట్టబోయి, అది బరువే లేదని కనిపెట్టాడు.

సిద్ధాంతం వంతెన

రావులపాలెంలో అరటిగెలల బజారు దాటి, సిద్ధాంతం వంతెన ఎక్కాం. కింద వశిష్ఠ గోదావరి, ఎండకు సగం ఇసుకే. మా కుందూ నది నిండుగా ఉన్నప్పుడు కూడా ఇందులో సగం ఇసుకకు సరిపోదు. ఆ మాట బాషాతో అంటుంటే వెనక డంగుమని శబ్దం వచ్చింది.

తిరిగి చూశాను. ఐసోసయనేట్ డ్రమ్ము మూత పూరీలా ఉబ్బి ఉంది.

పాలీఆల్‌లో నీళ్ళు పడితే కొంప మునగదు. ఐసోసయనేట్‌లో చెంచాడు పడినా చాలు, గ్యాసు తయారవుతూనే ఉంటుంది. మూసిన డ్రమ్ములో ఆ గ్యాసు పోయే దారి ఉండదు.

"ఇందులోకి నీళ్ళెలా వచ్చాయి బాషా?"

"కానిస్టేబుల్ గాజుగొట్టం ముంచి చూసినాడు సార్, మీరు ఆ ఎస్సైకి పాఠం చెప్తా ఉన్నప్పుడు. బోరింగు కాడ శుభ్రంగా కడిగి మరీ ముంచినాడు. మంచోడు."

వంతెన దిగీ దిగగానే కొబ్బరితోట పక్కన బండి ఆపించాను. డ్రమ్మును ఇద్దరం నెమ్మదిగా నీడలోకి దించాం. ముఖానికి తుండుగుడ్డ చుట్టుకుని, గాలి వచ్చేవైపు నిలబడి, చిన్న బిరడాను పానాతో ఇసుమంత ఇసుమంత తిప్పాను. ఒక్కసారి తిప్పితే లోపలిదంతా నా ముఖాన్నే కొడుతుంది. బుస్సుమని మొదలైంది.

ఈలోగా జనం పోగయ్యారు. గొడుగేసుకున్న ఒక పెద్దాయన దగ్గరికి రాబోయాడు. "సోడానాండీ?"

"కాదండి, విషం! దగ్గరికి రాకండి!"

"ఆయ్" అన్నాడు. ఆయ్ అంటే అక్కడ అవును, సరే, విన్నాను, మీ మాట నమ్మలేదు, అన్నీను. రెండడుగులు వెనక్కి వేసి, "మరి విషమైతే మీరెందుకండీ అక్కడ?" అన్నాడు.

బుస తగ్గి, మూత మళ్ళీ డంగుమని లోపలికి దిగాక అక్కడే కూర్చుండిపోయాను. ఆ పెద్దాయన ఎవరినో చెట్టెక్కించి బోండాలు దింపించాడు. విశాఖలో బోండాం అయిదు రూపాయలకు బేరమాడి కొన్నవాళ్ళం. డబ్బులు తియ్యబోతే నొచ్చుకున్నాడు. "విషం మోసుకొచ్చినోళ్ళకి కొబ్బరినీళ్ళు అమ్ముకుంటామాండీ?" అన్నాడు.

డ్రమ్ములో పైన మీగడలా తెట్టు కట్టింది. అది తీసేస్తే మిగతాది బాగానే ఉంది. కానీ లెక్క తగ్గింది. నాలుగు గోడలకు తెచ్చిన సరుకు మూడింటికే వస్తుంది.

పాలకొల్లు

ఆ రాత్రి పాలకొల్లులో ఆగి, పొద్దున్నే క్షీరారామ గోపురం కింద నిలబడి మెడ నొప్పిపుట్టేదాకా పైకి చూశాం. తర్వాత హోటల్లో దిబ్బరొట్టె తిన్నాం. మినప్పిండి రొట్టె, అరచేయంత మందం, పైన ఎర్రగా కరకర, లోపల దూదిలా బుడగలు. దాని మీద చెరకుపానకం పోస్తారు. కారం పొడి అడిగిన బాషాను హోటలాయన జబ్బు మనిషిని చూసినట్టు చూశాడు.

"ఏం ఊరు సార్ ఇది! టిఫినే తియ్యగా తింటారు. మనకాడ ఈ టయానికి జొన్నరొట్టెలో ఎర్రకారం నూరుకుని..." అని బాషా కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకునే రెండో రొట్టె కూడా తిన్నాడు.

నరసాపురం

పడవ కాలవ ఒడ్డున, బురదలో దుంగల మీద నిలబెట్టి ఉంది. ఆర్డరు ఇచ్చింది నాగమణిగారు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. చేపలు కొని అమ్మే మనిషి కనుక ఎంత దూరానికైనా వినబడే గొంతు. భర్త సత్తిబాబు పడవ నడుపుతాడు, మాట్లాడడు. పడవలో సగం వాటా సత్తిబాబు అన్న వెంకన్నది. ఆయన మాత్రం మాట్లాడతాడు.

"మా నాన్న కట్టిన పడవండి ఇది. గోడల్లో ఊక పోశాడు, పైన చెక్క కొట్టాడు. ఊక చాలదా అంట ఈవిడకి. సబ్బు నురగ కావాలంట" అన్నాడు వెంకన్న నాతో, ఆవిడకు వినబడేలా.

"ఊక తడిసి కుళ్ళిపోయింది, అంతా తీయించేశానండి" అంది నాగమణి. "కిందటేడు ఐసు దారిలోనే కరిగిపోయి, గదంతా చేప పాడైపోయింది. తెచ్చిందంతా మళ్ళీ ఏట్లో పారబోశాం. మా ఆయన గట్టున కూచుని ఏడ్చాడు. విశాఖలో మా తమ్ముడు పనిచేసే పడవలకి ఈ నురగ ఉందండి. పది రోజులైనా ఐసు ఐసులాగే ఉంటుందంట."

ఒక గోడకు సరుకు తగ్గిందని నేను నెమ్మదిగా చెప్పాను. ఆవిడ ముఖం మాడింది. వెంకన్న ముఖం వెలిగింది. "ఆ గోడకి ఊకే పోద్దారి. ఒక్క గోడైనా బుద్ధిగా ఉంటుంది" అన్నాడు.

సరేనని మాస్కుల్లా తుండుగుడ్డలు కట్టుకున్నాం. బాషా డ్రిల్లు మిషనుకు ఇనప తెడ్డు బిగిస్తున్నాడు. అప్పుడు నాగమణి నన్ను పక్కకు పిలిచింది.

"ఇది పొంగి పడవ చీలుద్దని మా బావగారి భయమండి. కులపెద్దల దగ్గర కూడా అన్నాడు. పడవ చీలితే మా వాటా ఆయనకి వదిలేస్తామని నేను మాటిచ్చాను. చీలదు కదండీ?"

ఆ సంగతి ముందే చెప్పుంటే నేను అన్నవరంలోనే ఆగి ఇంకో కొబ్బరికాయ కొట్టించేవాణ్ణి. ఎందుకంటే వెంకన్న భయం పిచ్చి భయం కాదు. రెండు చెక్కల మధ్య మూసిన సందులో ఈ నురగ పొంగితే చెక్కను తోసేస్తుంది. అందుకే కొంచెం కొంచెంగా, పొరలు పొరలుగా పొయ్యాలి. అదే చెప్పాను. "చీలనివ్వనండి" అని కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మొదటి రెండు గోడలూ చక్కగా అయ్యాయి. బాషా బకెట్లో కలపడం, నేను పై సందులోంచి పొయ్యడం, నురగ లేచి గట్టిపడ్డాక ఇంకో పొర. మూడో గోడ దగ్గరకొచ్చేసరికి పొద్దెక్కింది. ఎండంతా ఆ వైపు చెక్క మీదే పడుతోంది. వేడికి నురగ నేననుకున్నదానికంటే తొందరపడింది. సన్నటి పైభాగంలో ముందే గట్టిపడి బిరడాలా మూసుకుపోయింది. కింద ఇంకా పొంగుతూనే ఉంది.

చెక్క కిర్రుమంది.

లోపలి పలక నా కళ్ళముందే పొట్టలా ముందుకొచ్చింది. బయటినుంచి వెంకన్న కేక వేశాడు. "పీచు బయటికొస్తుందిరా! అతుకుల్లోంచి పీచు బయటికొస్తుంది!" నీళ్ళు లోపలికి రాకుండా పలకల అతుకుల్లో కొట్టిన నారపీచు అది. అది ఊడిందంటే తర్వాత వచ్చేది పలకే.

"లోపలి చెక్కకి కన్నాలు పెట్టాలి! తొందరగా!" అని అరిచాను. సత్తిబాబు కదల్లేదు. తండ్రి కొట్టిన చెక్కకు కన్నం పెట్టడమా అన్నట్టు అన్నవైపు చూస్తున్నాడు. నాగమణి ఎవరి వైపూ చూడలేదు. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి గదిలోకి దూకింది. బాషా చేతిలో మిషను లాక్కుని, "తెడ్డు పీకి కన్నాలేసే సూది పెట్టండి" అంది. బాషా పెట్టాడు. మోచేతులతో మిషనుకు బరువిచ్చి పలక మీద ఒకటి, దాని పక్కన ఇంకోటి, పైన మరోటి కన్నాలు పొడుస్తూ పోయింది. ప్రతి కన్నంలోంచీ పచ్చటి నురగ చుట్టలు చుట్టలుగా, నూనెలోకి జంతికలు దిగినట్టు బయటికి వచ్చింది. ఆవిడ జుట్టుకంటింది, జాకెట్టుకంటింది. ఆపలేదు.

కిర్రుమనడం ఆగింది. పలక పొట్ట అలాగే ఉండిపోయింది కానీ ఇంకా పెరగలేదు. బయట వెంకన్న పడవ చుట్టూ తిరిగి, ప్రతి అతుకునూ చేత్తో తడిమాడు. ఎంతసేపో అనిపించింది. "పలక ఊడలేదు. పీచు మళ్ళీ కొట్టుకోవాలంతే" అన్నాడు చివరికి. ఆ గొంతులో సంతోషమో, నిరాశో నాకు తెలియలేదు. ఆయనకూ తెలిసినట్టు లేదు.

నాగమణి గదిలోనే కూలబడి ఏడ్చింది. తర్వాత లేచి, జుట్టులో నురగ ఎలా పోతుందని అడిగింది. కత్తిరించడం తప్ప దారి లేదన్నాను. నన్ను అనాల్సినవి అప్పుడు అంది. మొదటిసారి అండి లేకుండా.

రేవు

నాలుగో గోడకు వెంకన్న స్వయంగా ఊక కూరాడు. అతుకుల్లో పీచు కొట్టారు. వేట నిషేధం ఎత్తేయగానే పడవ ఐసు నింపుకుని బయల్దేరింది. ఫలితం చూసి రమ్మని ఫోన్లో మా మేనేజరు అన్నాడు. ఎన్నాళ్ళని అడిగితే, చేపలు దొరికేదాకా అన్నాడు.

ఆ రోజుల్లో నేను చేసిన పని తినడం. నాగమణి ఇంట్లోనే భోజనం. చింతకాయ వేసిన చిన్న చేపల పులుసు, మామిడికాయ రొయ్యలు. బాషాకు చివరికి ఈ జిల్లాలో కారం దొరికింది. ఆవిడ పులుసుకు కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "అక్కా, మీది కర్నూలా?" అని అడిగాడు. కత్తిరించిన జుట్టు కనబడకుండా ఆవిడ తలకు గుడ్డ చుట్టుకుని తిరిగేది. చుట్టుపక్కలవాళ్ళు మొక్కు తీర్చుకుందనుకున్నారు. ఆవిడ కాదనలేదు. రోజూ సాయంత్రం రేవుకు వెళ్ళి ఊరికే నిలబడేది. ఇంతకుముందు పడవ ఇన్నాళ్ళు సముద్రంలో ఉండలేదట, ఐసు లేక. ఇప్పుడు ఆలస్యమైతే దానర్థం ఐసు ఉందనా, ఇంకేదైనా అనా? ఆ మాట నాతో అనలేదు. వెంకన్న అన్నాడు, ఆవిడ లేనప్పుడు, నన్ను చూడకుండా: "ఆ అతుకు గట్టిగానే కొట్టాను లెండి."

ఒక మధ్యాహ్నం పడవ వచ్చింది. సత్తిబాబు పైన నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. జనం చేపల కోసం తోసుకున్నారు. నాగమణి చేపలవైపు వెళ్ళలేదు. తిన్నగా ఐసు గదిలోకి దిగింది. నేనూ వంగి చూశాను. ఊక గోడ వైపు ఐసు కరిగి, కింద మడుగు కట్టింది. మిగతా మూడు గోడల పక్కనా వెళ్ళేటప్పుడు పోసినట్టే గడ్డలు గడ్డలుగా ఉంది. వాటి కింద వంజరం చేపలు, నిన్న పట్టినట్టున్నాయి.

ఆవిడ పిడికెడు గడ్డ తీసుకుని పైకొచ్చింది. బేరగాళ్ళ మధ్యనుంచి నడిచి, గట్టు మీద నిలబడ్డ వెంకన్న ముందు ఆగింది.

"చెయ్యి పట్టండి బావగారూ."

ఆయన పట్టాడు. ఐసు అరచేతిలో పెట్టింది. నీళ్ళు మోచేతిమీదుగా కారుతున్నా ఆయన వదలలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు బేరాలు ఆపి చూస్తున్నారు. ఆయన దాన్ని ఒకసారి ఎండకు ఎత్తి చూసి, నోట్లో వేసుకుని కరకరా నమిలాడు.

"ఆ నాలుగో గోడలో ఊక ఎప్పుడు తీయిస్తావమ్మా?" అన్నాడు.